ఎన్నుకొన్నవారికి తొలగించే హక్కు కూడ ఉండాలి

(విద్యారంగ ఉద్యోగుల, కార్మికుల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాలల పాలనకు ప్రజలు ఎన్నుకొన్న సభ్యులను, పదవీకాలం ముగియకముందే ఆ ప్రజలే వెనక్కు పిలిచే హక్కు గురించి మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. దీనినే మన సభలలో 'రీకాల్ హక్కు' అంటున్నాము. ఇది రాజ్యాంగ పండితులు తేల్చుకోవలసిన విషయమనీ, మనకు వేతనాలు, బదిలీలు, పెన్షను చాలుననీ కొందరు మిత్రులు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకొన్నాను. ఆ అభిప్రాయం ఎందుకు మార్చుకొన్నానో ముందు చెప్పి, తరువాత విషయంలోకి వస్తాను.

ఇరవై ఏళ్ళకు పైబడిన మాట. అప్పుడు నేను మండల స్థాయిలో సంఘం పని చూస్తున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నాటి చట్టం ప్రకారం తల్లిదండ్రులు ఎన్నుకొన్న విద్యా కమిటీలు ఉండేవి. అదనపు గదుల నిర్మాణం వంటి పనులు ఆ కమిటీల చేతుల మీదుగా జరిగేవి. ఒక మెట్ట గ్రామంలో కమిటీ చైర్మన్ కట్టించిన గది మొదటి వానకే కారింది. పిల్లలు మళ్ళీ వేపచెట్టు కిందికి వచ్చారు. లెక్కలు చూపమని అడిగిన ప్రధానోపాధ్యాయునిపై పై అధికారులకు ఫిర్యాదులు వెళ్ళాయి. ఒకనాడు పదకొండు మంది తల్లులు మా సంఘం ఆఫీసుకు నడిచి వచ్చారు. "ఆయనను మేమే ఎన్నుకొన్నాము సారూ, మేమే దింపవచ్చునా?" అని అడిగారు. చట్టం పుస్తకం తిరగవేసి, అటువంటి ఏర్పాటు లేదనీ, ఎన్నికల దాకా ఆగవలసిందేననీ చెప్పాను. అప్పుడు వారిలో ఒక వ్యవసాయ కూలీ తల్లి, "మీ సంఘంలో పెద్దమనిషి తప్పు చేస్తే మీరూ ఇట్లాగే ఆగుతారా సారూ?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. తరువాతి ఎన్నికలో ఆ చైర్మన్ నిలబడలేదు. ఆయన భార్య నిలబడి గెలిచింది. గది మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ తల్లి ప్రశ్నకు ఈ రోజు జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. అందుకు ముందుగా ఈ హక్కు ఆచరణలో ఉన్నచోట ఏమి జరిగిందో పరిశీలించాలి.

ఉపాధ్యాయులను కాపాడిన ఓటు

అమెరికాలో పాఠశాలల నిర్వహణ స్థానిక బోర్డుల చేతిలో ఉంటుంది. అట్టి పాఠశాల జిల్లాలు సుమారు 13 వేలు ఉన్నాయి. బోర్డు సభ్యులను అత్యధిక ప్రాంతాలలో ఓటర్లే ఎన్నుకొంటారు. బడ్జెటు, పాఠ్యాంశాలు, ఉపాధ్యాయుల నియామకం, వారితో ఒప్పందాలు ఈ బోర్డు తీర్మానాలపైన ఆధారపడి ఉంటాయి. ఎన్నికైన వారిని మధ్యలో తొలగించే ఏర్పాటు ఆ దేశంలో మొదట 1903లో లాస్ ఏంజెలెస్ నగర చార్టరులోకి వచ్చింది. 1908లో ఓరెగన్, 1911లో కాలిఫోర్నియా రాష్ట్రాలు దానిని స్వీకరించాయి. నేడు 20కి పైగా రాష్ట్రాలలో పాఠశాల బోర్డు సభ్యులను ఓటర్లు వెనక్కు పిలువవచ్చును. తగినన్ని సంతకాలు సేకరించి సమర్పిస్తే, ఆ సభ్యుడు ఉండాలా, పోవాలా అన్న ఒక్క ప్రశ్నపైన ఎన్నిక జరుగుతుంది.

ఈ హక్కు చరిత్రలో ఉపాధ్యాయులమైన మనం మరువరాని ఘట్టం 1959లో ఆర్కాన్సా రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్‌లో జరిగింది. తెల్ల పిల్లలకు, నల్ల పిల్లలకు వేరు వేరు పాఠశాలలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పింది. 1957 సెప్టెంబరులో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు అక్కడి సెంట్రల్ హైస్కూలులో చేరబోగా, గవర్నరు ఆర్వల్ ఫౌబస్ సాయుధ దళాలను పెట్టి అడ్డగించాడు. దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపిన తరువాతనే ఆ పిల్లలు బడిలో అడుగు పెట్టగలిగారు. ఈ సంగతి ప్రపంచానికంతా తెలుసు. ఆ తరువాత జరిగినది చాలామందికి తెలియదు.

1958 సెప్టెంబరులో గవర్నరు ఆ నగరంలోని నాలుగు హైస్కూళ్ళను మూసివేశాడు. కలిసి చదివించడం కంటే అసలు చదివించకపోవడమే మేలన్నది ఆయన విధానం. సెప్టెంబరు 27న ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, బడులలో జాతుల కలయికకు వ్యతిరేకంగా 19,470 ఓట్లు, అనుకూలంగా 7,561 ఓట్లు వచ్చాయి. ఏడాది పొడుగునా మూడున్నర వేలకు పైగా విద్యార్థులకు బడి లేదు. ఒప్పందంలో ఉన్న ఉపాధ్యాయులు మాత్రం ప్రతిదినం వచ్చి ఖాళీ తరగతి గదులలో కూర్చొని పోయేవారు. బడి మూసినా ఫుట్‌బాల్ జట్టును మాత్రం ఆడనిచ్చారు. పాలకులకు దేనిపైన ఎంత శ్రద్ధ ఉన్నదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

1958 డిసెంబరులో ఎన్నికైన ఆరుగురు సభ్యుల బోర్డు సరిగ్గా రెండుగా చీలింది. ముగ్గురు జాతి వేర్పాటును బిగించి పట్టినవారు. తక్కిన ముగ్గురు బడులు తెరవాలన్న మితవాదులు. 1959 మే 5న జరిగిన సమావేశంలో ఏ విషయమూ తేలలేదు. మితవాదులు ముగ్గురూ కోరం లేకుండా చేయాలని లేచిపోయారు. మిగిలిన ముగ్గురూ తమకే కోరం ఉన్నదని ప్రకటించుకొని, 44 మంది ఉపాధ్యాయుల, ఉద్యోగుల ఒప్పందాలను పునరుద్ధరించరాదని తీర్మానించారు. అభియోగ పత్రం లేదు. సంజాయిషీ అడుగలేదు. విచారణ లేదు. జాతుల కలయికకు వీరు సానుభూతిపరులన్న అనుమానమే నేరమైంది. సెంట్రల్ హైస్కూలు ప్రిన్సిపాల్ జెస్ మాథ్యూస్, నల్లజాతి విద్యార్థులకు అండగా నిలిచిన వైస్ ప్రిన్సిపాల్ ఎలిజబెత్ హకబీ కూడ ఆ జాబితాలో ఉన్నారు.

ఆ ఉపాధ్యాయులకు కోర్టు ఉన్నది. కాని కోర్టు తీర్పు వచ్చేసరికి ఎన్ని నెలలు, ఎన్ని సంవత్సరాలు పట్టునో మనకందరికీ అనుభవమే. ఉపాధ్యాయులు తాము సభ్యులుగా ఉన్న సంఘాలన్నింటి పేర్లు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలని ఆ రాష్ట్రం 1958లో ఒక చట్టం చేసింది. సంఘ స్వాతంత్ర్యాన్ని హరించే ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసే నాటికి 1960 డిసెంబరు వచ్చింది. ప్రజలు మాత్రం అంతకాలం ఆగలేదు. మొదట తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సంఘాలు గొంతెత్తాయి. మే 8 నాటికి, ఈ అన్యాయపు ఏరివేతను ఆపండి అనే నినాదమే పేరుగా ఒక ప్రచార సంఘం ఏర్పడింది. బడులు తెరిపించడానికి అంతకు ముందే సంఘటితులైన మహిళలు, అంటే 75 ఏళ్ళ వయసులో అడాల్ఫిన్ ఫ్లెచర్ టెరీ ముందుండి స్థాపించిన మహిళా కమిటీవారు, ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితాలు పట్టుకొని పనిచేశారు. ముగ్గురు వేర్పాటువాదులను తొలగించాలని సంతకాలు సేకరించారు. అవతలి పక్షమూ ఊరుకోలేదు. వారు మరొక కమిటీ పెట్టి ముగ్గురు మితవాదులను తొలగించాలని సంతకాలు సేకరించారు.

మే 25న ఎన్నిక జరిగింది. ఆరుగురి భవితవ్యమూ ఒకేనాడు ఓటర్ల ముందుకు వచ్చింది. ఫలితాలు వెలువడేసరికి ముగ్గురు వేర్పాటువాదులు స్వల్ప తేడాతో పదవులు కోల్పోయారు. ముగ్గురు మితవాదులూ నిలిచారు. తీర్మానానికీ ఓటుకూ మధ్య గడిచినది 20 రోజులు! తొలగించబడిన ఉపాధ్యాయులలో అత్యధికులు తిరిగి తమ ఉద్యోగాలలోకి వచ్చారు. బడులను మూసిన చట్టం చెల్లదని జూన్‌లో ఫెడరల్ కోర్టు చెప్పింది. ఆగస్టు 12న హైస్కూళ్ళు తెరుచుకొన్నాయి.

ఈ ఘట్టం నేర్పే గుణపాఠాలు

సోదరులారా! ఇందులో మనం గ్రహించవలసినవి మూడు ఉన్నాయి.

ఒకటి: ప్రజల అభిప్రాయం స్థిరంగా ఉండిపోయే రాయి కాదు. ఎనిమిది నెలల క్రితం వేర్పాటుకు రెట్టింపుకు పైగా ఓట్లు వేసిన నగరమే, మూతపడిన బడిని, వీధిన పడిన ఉపాధ్యాయుని కళ్ళారా చూసిన తరువాత వేరు తీర్పు ఇచ్చింది. ఒకసారి ఓటు వేసినంత మాత్రాన మూడేళ్ళకో, అయిదేళ్ళకో తమ బుద్ధిని కుదువబెట్టినట్లు భావించడం ప్రజలను అవమానించడమే.

రెండు: నల్లజాతి వారి ఓట్లు లేనిదే ఈ విజయం లేదు. ఓటు వేయాలంటే తలపన్ను కట్టవలసిన రోజులలో వారు వచ్చి ఓటు వేశారు. అయినా బడులు తెరిపించే మహిళా కమిటీ తెల్లవారిలో ఓట్లు పోతాయన్న జంకుతో నల్లజాతి మహిళలను సభ్యులుగా చేర్చుకోలేదు. విజయాన్ని మెచ్చుకొంటూనే ఈ లోపాన్ని కూడ చెప్పుకోవాలి.

మూడవది మనకు చేదు మాట. ఆ నగరంలో వేర్పాటువాదులకు బలంగా ఓట్లు వచ్చినవి ప్రధానంగా తెల్ల కార్మికుల వాడలలో. వారిని ఓడించినది నల్లజాతి వాడలు, సంపన్న తెల్లవారి వాడలు కలిసి. మన వర్గానికి చెందినవారే తమ పిల్లల బడిని మూసినవారి పక్షాన నిలిచారు. సంపన్నుల పిల్లలు ఇతర పట్టణాలకు, ప్రైవేటు బడులకు పోగలరు. కార్మికుని బిడ్డ ఎక్కడికి పోతాడు? అయినా వర్ణ దురభిమానం కంటికి గంతలు కట్టింది. మన గ్రామాలలో కులం ఇదే పని చేయగలదు, చేస్తున్నది. హక్కు ఉన్నంత మాత్రాన చైతన్యం వచ్చిపడదు. హక్కును సక్రమంగా వినియోగించే బాధ్యత సంఘటిత కార్మికులది.

నాణేనికి రెండవ వైపు

ఇంతవరకు విన్నవారికి రీకాల్ ఎల్లప్పుడూ ఉపాధ్యాయుల పక్షమే వహిస్తుందన్న భ్రమ కలుగవచ్చు. అది నిజం కాదు. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగినది చూడండి.

కరోనా మహమ్మారి వల్ల అక్కడి బడులు 2020 మార్చిలో మూతపడ్డాయి. ఇరుగుపొరుగు పట్టణాలలో తలుపులు తెరుస్తున్నా ఆ నగరంలో హైస్కూలు పిల్లలలో అత్యధికులు 2021 ఆగస్టు వరకు తరగతి గదికి రాలేదు. ఇంతలో 2021 జనవరిలో బోర్డు 44 పాఠశాలల పేర్లు మార్చాలని తీర్మానించి, నిరసన రాగా కొద్ది నెలలకే వెనక్కు తగ్గింది. ప్రతిభ ఆధారంగా ప్రవేశాలిచ్చే లోవెల్ హైస్కూలులో ఆ పద్ధతిని ఎత్తివేయడం ఆసియా సంతతి తల్లిదండ్రులకు తీవ్ర ఆగ్రహం కలిగించింది. తల్లిదండ్రులు సంతకాలకు పూనుకొన్నారు. నగర ఓటర్లలో పదవ వంతు, అంటే 51,325 సంతకాలు కావలసి ఉండగా, అంతకు మించి వచ్చాయి. బోర్డులోని ఏడుగురిలో ముగ్గురి పదవులే ఓటుకు వచ్చాయి. తక్కినవారు అప్పటికి కొత్తగా ఎన్నికైనందున నిబంధనల ప్రకారం వారిపై సంతకాల సేకరణకు వీలు లేకపోయింది. 2022 ఫిబ్రవరి 15న ముగ్గురినీ మూడింట రెండు వంతులకు మించిన మెజారిటీతో ఓటర్లు తొలగించారు. ఓటు వేసినవారు నమోదైన ఓటర్లలో మూడవ వంతు కంటె కొంచెం ఎక్కువ.

అక్కడి ఉపాధ్యాయుల సంఘం ఈ రీకాల్‌ను వ్యతిరేకించింది. అయినా ఓడిపోయింది. రీకాల్ ప్రచారానికి సుమారు 20 లక్షల డాలర్లు సమకూరాయి. అందులో పెద్ద మొత్తాలు పెట్టుబడిదారులైన కొద్దిమంది ధనికుల నుండి వచ్చాయి. వ్యతిరేక ప్రచారానికి దానిలో స్వల్పభాగం కూడ లేదు. ఖాళీ అయిన స్థానాలకు వెంటనే ఎన్నిక జరుగలేదు. నగర మేయరు తనకు నచ్చిన ముగ్గురిని నియమించారు. ఆ ముగ్గురిలో ఒకరిని అదే సంవత్సరం నవంబరులో ఓటర్లు ఓడించారు.

అయితే దీనిని కేవలం ధనికుల కుట్ర అని కొట్టివేయడం ఆత్మవంచన అవుతుంది. డబ్బు సంతకాలు సేకరించగలదు. కాని ఏడాదికి పైగా ఇంట్లో కూర్చున్న పిల్లవాడిని చూస్తున్న తల్లి కోపాన్ని డబ్బు పుట్టించలేదు. ఆ కోపాన్ని ముందుగా వినవలసిన మనవారు వినలేదు. ఆ ఖాళీలోకి డబ్బు ప్రవేశించింది. మరొక విశేషం: పిల్లలు గల వలస తల్లిదండ్రులకు, పౌరసత్వం లేకపోయినా, పాఠశాల బోర్డు ఎన్నికలలో ఓటు ఇవ్వాలని ఆ నగరం 2016లో నిర్ణయించుకొన్నది. మన దేశం నుండి అక్కడికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలకు కూడ ఆ అవకాశం వర్తిస్తుంది. ఓటు వేసేవారెవరన్నది కూడ ఈ హక్కులో ఒక ముఖ్యభాగమని దీనినిబట్టి తెలుస్తున్నది.

ఇటువంటివే మరి రెండు ఉదాహరణలు క్లుప్తంగా చెబుతాను. కొలరాడో రాష్ట్రంలోని జెఫర్సన్ కౌంటీలో, చరిత్ర పాఠాలు దేశభక్తిని పెంచేవిగా ఉండాలంటూ పాఠ్యప్రణాళికను సమీక్షించే ప్రతిపాదన 2014లో వచ్చింది. విద్యార్థులు తరగతులు వదలి వీధులలోకి వచ్చారు. ఉపాధ్యాయులు మూకుమ్మడిగా సెలవు పెట్టారు. 2015 నవంబరు 3న ఓటర్లు బోర్డులోని ముగ్గురు సభ్యులనూ తొలగించారు. కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో, ఒక పాఠ్యపుస్తకాన్ని తిరస్కరించి వివాదం తెచ్చుకొన్న బోర్డు అధ్యక్షుడిని 2024 జూన్‌లో ఓటర్లు తొలగించారు. అదే సంవత్సరం నవంబరులో ఆయన మళ్ళీ పోటీ చేసి గెలిచి వచ్చాడు. అంటే ఈ ఆయుధానికి స్వతహాగా పక్షం లేదు. ఎవరు సంఘటితులై ఉంటే వారి చేతిలో అది పనిచేస్తుంది. అందువలన మన ముందున్న ప్రశ్న, రీకాల్ మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఎట్టి షరతులతో అది ప్రజల చేతిలో ఆయుధమవుతుంది, ఎట్టి షరతులతో ధనికుల చేతిలో, ముఠాల చేతిలో పడుతుంది అన్నదే అసలు ప్రశ్న.

మన దేశంలో

ఈ కోరిక మనకు పరాయిది కాదు. ఎన్నుకొన్నవారిని వెనక్కు పిలిచే హక్కు ఓటర్లకు ఉండాలని హిందుస్థాన్ రిపబ్లికన్ అసోసియేషన్ విప్లవకారులు 1925 నాటి తమ ప్రకటనలోనే కోరారు. 1974లో జయప్రకాశ్ నారాయణ్ బీహారు ఉద్యమ సందర్భంలో ఈ హక్కును దేశం ముందు పెట్టారు. అదే కాలంలో కమ్యూనిస్టు సభ్యుడు సి.కె. చంద్రప్పన్ దీనికై లోక్‌సభలో రాజ్యాంగ సవరణ బిల్లు ప్రతిపాదించారు. ప్రతిపక్షపు బెంచీల నుండి వాజ్‌పేయి దానిని సమర్థించారు. బిల్లు నెగ్గలేదు.

పార్లమెంటులో నెగ్గనిది కొన్ని రాష్ట్రాలలో స్థానిక సంస్థల వరకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లోను, ఆ తరువాత ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లోను పురపాలక సంఘాల అధ్యక్షులను ఓటర్లు వెనక్కు పిలిచే ఏర్పాటు వచ్చింది. మధ్యప్రదేశ్ బ్యాలెట్ మీద రెండు గుర్తులు పెట్టారు: ఖాళీ కుర్చీ, మనిషి కూర్చున్న కుర్చీ. చదువురాని ఓటరుకు కూడ ఇంతకంటె సులభంగా చెప్పడం సాధ్యం కాదు. 2008 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో మూడు పట్టణాల అధ్యక్షులు ఇట్లా పదవులు కోల్పోయారు. కాని ఇందులో ఒక పెద్ద లోపమున్నది. రీకాల్‌ను మొదలుపెట్టే అధికారం ఓటరుకు లేదు. నాలుగింట మూడు వంతుల కౌన్సిలర్లు కోరితేనే విషయం ప్రజల ముందుకు వస్తుంది. అంటే కౌన్సిలర్లతో సర్దుకొనిపోయిన అధ్యక్షుడు ఎంత చెడ్డవాడైనా క్షేమంగా ఉంటాడు. వారి మాట వినని అధ్యక్షుడు ఎంత మంచివాడైనా భయంతో ఉంటాడు. హర్యానాలో 2020లో చేసిన సవరణ సర్పంచుల విషయంలో ఆ అధికారాన్ని ఓటర్లకే ఇచ్చింది. 33 శాతం ఓటర్లు లిఖితపూర్వకంగా కోరితే, రహస్య ఓటింగు జరిగి 67 శాతం మంది తొలగింపుకు ఓటు వేయాలి.

ఇక మన తెలుగు రాష్ట్రాల సంగతి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం గాని, తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం గాని ఓటర్లకు ఈ హక్కు ఇవ్వలేదు. గ్రామ ప్రజలు నేరుగా ఎన్నుకొన్న సర్పంచును జిల్లా కలెక్టరు తొలగించగలడు. ఎన్నుకొన్న ప్రజలు తొలగించలేరు! ప్రజలకు లేని అధికారం అధికారికి ఉండటం ప్రజాస్వామ్యమెట్లా అవుతుందో మీరే ఆలోచించండి.

పాఠశాలల విషయానికి వస్తే, 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీలు ఏర్పడాలి. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. సగం మంది స్త్రీలు కావాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. బడి పనితీరును పరిశీలించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, నిధుల వినియోగాన్ని చూడటం వారి పనులు. చెప్పుకోదగిన చట్టమే. కాని కమిటీని గురించి చెప్పిన ఆ సెక్షన్‌లో, విశ్వాసం కోల్పోయిన సభ్యుడిని తల్లిదండ్రులు తొలగించే విషయమై ఒక్క మాట కూడ లేదు.

మరి మన సంగతి? బ్రిటిషువారి కాలపు 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, యూనియన్ రిజిస్టరు కావాలంటే దాని నియమావళిలో కార్యవర్గ సభ్యులను ఎట్లా నియమిస్తారో, ఎట్లా తొలగిస్తారో రెండూ రాసి ఉండాలని కోరింది. 2020లో పార్లమెంటు ఆ చట్టాన్ని కొత్త కోడ్‌లో కలిపివేసింది. కాని ఆ చట్టం కింద రిజిస్టరైన మన నియమావళులలో ఆ క్లాజు నేటికీ ఉన్నది. కార్మికులను అనుమానంతో చూసిన విదేశీ పాలకులు మన నుండి కోరిన పద్ధతిని, స్వతంత్ర భారత పార్లమెంటు బడి కమిటీలకు ఇవ్వడం మరచిపోయింది.

మనం కోరవలసినవి

మన ఉపాధ్యాయులలో ఒక భయమున్నది. ఊరి పెద్దలకు ఇంకొక కొరడా ఇచ్చినట్లవుతుందేమో అన్న భయమది. స్థానిక నాయకుల ఇష్టాయిష్టాల మీద బదిలీలు జరిగిన రోజులు చూసిన తరానికి ఆ భయం న్యాయమైనదే. కాని లిటిల్ రాక్‌లో కొరడా పట్టినది బోర్డు. దానిని లాగివేసినది ఓటర్లు. కనుక హక్కును కాదనడం పరిష్కారం కాదు. దానికి కట్టుదిట్టమైన నిబంధనలు కోరడమే పరిష్కారం. ఈ తరగతుల పరిశీలనకు ఆరు విషయాలు ఉంచుతున్నాను.

మొదటిది: రీకాల్‌ను మొదలుపెట్టే అధికారం ఆ బడిలో పిల్లలున్న తల్లిదండ్రులదే కావాలి. తోటి సభ్యులది, అధికారులది కారాదు.

రెండవది: కారణాలు లిఖితపూర్వకంగా ప్రకటించాలి. ఆ సభ్యుని సమాధానం కూడ అదే కాగితం మీద తల్లిదండ్రులకు అందాలి. లిటిల్ రాక్‌లో 44 మందికి దక్కని సంజాయిషీ హక్కును, మనకు గిట్టని సభ్యునికైనా మనం నిరాకరించరాదు.

మూడవది: సంతకాల సంఖ్య మరీ తక్కువైతే వారానికొక రీకాల్ వస్తుంది, మరీ ఎక్కువైతే హక్కు కాగితం మీదనే ఉంటుంది. రెండు మూడు వందల మంది తల్లిదండ్రులుండే బడిలో నాలుగవ వంతు సంతకాలు ఉచితమని నా అభిప్రాయం. ఎన్నికైన మొదటి ఆరు నెలలలో రీకాల్ ఉండరాదు. ఒక సభ్యునిపై ఒక పదవీకాలంలో ఒక్కసారి మాత్రమే జరగాలి.

నాలుగవది: ఓటు రహస్యంగా ఉండాలి. చేతులెత్తే పద్ధతిలో భూస్వామి ఎదుట కూలీ తల్లి చేయి ఎత్తలేదు. పని దినం పోకుండా సాయంత్రం వేళ, లేదా సెలవునాడు ఓటింగు జరగాలి.

అయిదవది: ఖాళీ అయిన స్థానాన్ని నియామకంతో కాక ఎన్నికతోనే నింపాలి. దళిత, గిరిజన, మహిళా సభ్యురాలి స్థానమైతే అదే వర్గం నుండి ఎన్నుకోవాలి. దళితులను, స్త్రీలను పదవుల నుండి దించడానికి అవిశ్వాస తీర్మానాలను వాడుకోవడం ఈ దేశంలో అనేక చోట్ల జరిగింది. రీకాల్ ఆ పనికి మరొక పనిముట్టు కారాదు.

ఆరవది: ప్రచార వ్యయానికి హద్దు ఉండాలి. ఎవరు ఎంత ఇచ్చారో బడి గోడ మీద రాసి ఉంచాలి.

వీటితోపాటు మరొక మాట. కమిటీ సభ్యులను తొలగించే హక్కు వేరు, ఉపాధ్యాయుని ఉద్యోగ భద్రత వేరు. ఉపాధ్యాయునిపై చర్య నియమబద్ధమైన విచారణ తరువాతనే జరగాలి. ఏ ఓటింగుకూ అది లోబడరాదు. ఓటుతో వచ్చినవాడు ఓటుతో పోవాలి. నియామక ఉత్తర్వుతో వచ్చినవాడు విచారణతోనే పోవాలి. ఈ గీత చెరిగిపోకుండా చూడటం మన సంఘం పని.

ముందు మన ఇల్లు

చివరిగా, ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వస్తాను. మన సంఘంలో పెద్దమనిషి తప్పు చేస్తే ఆగుతామా? నిజం చెప్పాలంటే చాలాచోట్ల ఆగుతున్నాము. నియమావళిలో తొలగింపు క్లాజు ఉన్నది. కాని శాఖ సభ్యుడు దానిని చదివి ఎన్నాళ్ళయింది? ప్రత్యేక సర్వసభ్య సమావేశం కోరుతూ సంతకాలు పెట్టినవారిని సంఘ ద్రోహులని ముద్ర వేసిన సందర్భాలు మనకు తెలియవా? పదిహేను, ఇరవై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చొన్నవారిలో నేనూ ఒకడిని. అనుభవం పేరుతో కూర్చొన్నాము; సభ్యులు అడుగలేదు గనుక కూర్చొన్నాము. అడిగే మార్గం వారికి సులభంగా ఉన్నదా లేదా అని మనం విచారించలేదు.

కనుక నా విజ్ఞప్తి ఇది. పాఠశాల యాజమాన్య కమిటీలకు రీకాల్ హక్కు కోరే తీర్మానాన్ని మన మహాసభకు పంపుదాము. దానితోపాటు, మన మన యూనియన్లలో తొలగింపు క్లాజును తెలుగులో అచ్చువేయించి ప్రతి శాఖలో గోడకు అంటిద్దాము. ఎన్ని సంతకాలు కావాలి, ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజులలో సమావేశం జరగాలి అన్నది ప్రతి సభ్యునికీ తెలియాలి. ఆ కాగితం మీద మొట్టమొదట వర్తించవలసిన పేర్లలో నా పేరు కూడ ఉండాలని కోరుతున్నాను.

ఆ పదకొండు మంది తల్లులలో ఎందరు ఇప్పటికీ ఆ ఊరిలో ఉన్నారో గాని, వారి మనుమలు ఈనాడు ఏదో ఒక ప్రభుత్వ బడిలో కూర్చొని ఉంటారు. మళ్ళీ ఒక తల్లి మన ఆఫీసు మెట్లెక్కి అదే ప్రశ్న అడిగిననాడు, ఎన్నికల దాకా ఆగమని చెప్పే దుస్థితి మన కార్యకర్తకు రాకూడదు. అందుకు పూనుకోవలసిందిగా మిమ్ములనందరినీ కోరుతున్నాను.